పైన ఒక్క రూపాయి

సిరిసిల్ల,
1959 నవంబర్ 12

బామ్మర్ది రామచంద్రానికి బావ రాజలింగు రాయునది.

మేము బాగానే ఉన్నాం. ఆ 'బాగానే' ఎంతవరకు చెల్లుతుందో కింద రాస్తున్నాను, కాబట్టి కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందింది. మీ అక్క బాలలక్ష్మి తను బట్ట నేసే సాంచె ఆపి మరీ విన్నది. కరెంటు ఉన్నంతసేపు ఆమె సాంచె ఆపడమంటే మాటలు కాదని నీకు తెలుసు. నువ్వు బోల్టన్ అనే ఊరు చేరావని, బట్టల మిల్లుల చదువు చెప్పే కళాశాలలో పేరు రాయించుకున్నావని తెలిసి సంతోషించాం. నన్ను 'మీరు' అని రాశావు. పెద్దపల్లి స్టేషన్లో రైలెక్కేదాకా 'నువ్వు' అన్నావు కదా. సముద్రం దాటితే బావ పెద్దమనిషి అయిపోతాడని నాకు తెలియదు.

ఇది సరే. గల్లీ వాళ్ళందరికీ కలిపి ఇంకో ఉత్తరం పంపావు చూడు, 'దాతలకు కృతజ్ఞతలు' అని, అక్కడ మొదలైంది తంటా. చేనేత సంఘం గుమాస్తాను కాబట్టి, నూలు కోసం అందరూ వచ్చే రోజు చూసి బల్ల పక్కన నిలబడి గట్టిగా చదివాను. 'మీ దానం వృథా పోదు, మీ ఉదారతను జన్మంతా మరువను' అన్న చోటికి వచ్చేసరికి పోశం లేచాడు. ఆరు సాంచెల ఆసామి, కులంలో నలుగురూ మాట వినే మనిషి.

"ఎవలు దానం జేసిండ్రు? దానమంటే తిరిగి రానిది. మేం కట్నం పెట్టినం. కట్నం తిరిగొస్తది. గంత సదువుకున్నోనికి గీ ముచ్చట ఎరుక లేదా?" అన్నాడు.

నీకు నిజంగానే ఎరుక లేదని నాకిప్పుడు అర్థమైంది. పదేళ్ళ వయసు నుంచి హైదరాబాదు హాస్టల్లో పెరిగిన వాడివి. పెళ్ళి విందు తిన్నావు గాని పెళ్ళి లెక్క ఏనాడూ చూడలేదు. చెబుతాను విను. నీ ఓడ టికెట్టుకూ ఫీజుకూ డబ్బు కావలసి వచ్చినప్పుడు బ్యాంకు వాళ్ళు జామీను అడిగారు. ముత్తయ్య సావుకారి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అన్నాడు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఇంటి ముందు పందిరి వేసి, డప్పులు పిలిపించి, నిన్ను పీట మీద కూర్చోబెట్టి విందు చేశాను. గల్లీ అంతా తిని, పెళ్ళికి పెట్టినట్టే ఐదో, పదకొండో, ఇరవై ఒకటో నీ చేతిలో పెట్టి పోయారు. పిల్ల లేకుండా ఇదేం పెళ్ళి అని కొందరు గొణిగారు. పిల్ల లండన్లో ఉందనుకోండి అన్నాను. రెండు వేల పైచిలుకు వచ్చింది.

మన గల్లీ పద్ధతి ఏమిటంటే, వాళ్ళింట్లో కార్యం అయిన రోజు మనం వాళ్ళు పెట్టినంతా పెట్టి, పైన ఒక్క రూపాయి వేయాలి. అంతవరకు వడ్డీ లేదు, వాయిదా లేదు, జామీను లేదు. ఇంత మంచి అప్పు ఏ బ్యాంకు ఇస్తుందో నువ్వే చెప్పు. ఒకే ఒక చిక్కు, తీర్చే రోజు మన చేతిలో ఉండదు. మాఘంలో పోశం బిడ్డ పెళ్ళి. అతను యాభై ఒకటి పెట్టాడు. మనం యాభై రెండు పెట్టాలి.

దాతలు అన్న మాటకు కోపం రానిది నాగవ్వకు ఒక్కదానికే. ఎదురింట్లో నూలు కండెలు చుట్టి బతికే ఆ ముసలామె కూడా నీకు పదకొండు రూపాయలు పెట్టింది కదా. "నాకు పిల్లలా జెల్లలా, నా ఇంట్ల ఏం కార్యమైతది రాజలింగూ? రామచంద్రం బాకీ తీరేది నేను పోయిన్నాడే," అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

వచ్చే ఉత్తరంలో దాతలు అనే మాట రానీయకు.

నీ బావ
రాజలింగు

బోల్టన్,
1959 డిసెంబర్ 20

బావకు రామచంద్రం నమస్కారాలు.

ఇక్కడి చలి గురించి రాస్తే మీరు నమ్మరు. గదిలో గ్యాసు పొయ్యి ఉంది. దాని పక్కన ఒక పెట్టె ఉంటుంది. అందులో షిల్లింగు వేస్తేనే మంట వస్తుంది. షిల్లింగు అయిపోగానే మంట ఆరిపోతుంది, చదువు మధ్యలో ఉన్నా సరే. ఇంటి యజమానురాలు మిసెస్ బూత్ ప్రతి శుక్రవారం అద్దె తీసుకుని చిన్న పుస్తకంలో సంతకం చేస్తుంది. ఆమెకు కోపమూ రాదు, నవ్వూ రాదు. ఇదే క్రమశిక్షణ అంటే. మన వాళ్ళు నేర్చుకోవలసింది ఇదే.

నేను ఒక ఉన్ని కోటు వాయిదాల మీద కొన్నాను. మీరు కంగారు పడవద్దు. ఇక్కడ అప్పు చేయడం సిగ్గు కాదు, నాగరికత. వారం వారం కొంచెం కడితే చాలు. కోటు లేకుండా నాగరికత సాధ్యం కాదు.

కట్నాల సంగతి చదివి ఆశ్చర్యపోయాను. నేను ఇక్కడ లా చదివే ఒక మిత్రుణ్ణి అడిగాను. షరతు లేకుండా ఇచ్చినది బహుమతి అవుతుందట, బహుమతిని చట్టరీత్యా తిరిగి అడగకూడదట. ఈ విషయం పోశం గారికి నెమ్మదిగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే నా దగ్గర ఇంకొక ప్రణాళిక ఉంది. నా చదువు రెండేళ్ళు. ఈ రెండేళ్ళు గల్లీలో పెళ్ళిళ్ళూ పుట్టు వెంట్రుకలూ వాయిదా వేసుకుంటే, నేను ఉద్యోగంలో చేరగానే క్రమపద్ధతిలో నెలకు ఇన్ని ఇళ్ళ చొప్పున తీర్చేస్తాను. ప్రజలను ఒప్పించడం మీలాంటి అనుభవజ్ఞులకు కష్టం కాదు.

పుస్తకాలు చాలా ఖరీదు. వీలైతే మూడు వందలు పంపండి. అద్దె రెండు వారాలది ఆగింది. మిసెస్ బూత్ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసింది. ఆ ఎర్ర సిరా చూస్తే అన్నం దిగడం లేదు. నాగవ్వకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
రామచంద్రం

సిరిసిల్ల,
1960 జూన్ 8

బామ్మర్దికి,

నీ ప్రణాళికను పోశానికి వినిపించాను. "నా బిడ్డ పెండ్లి రెండేండ్లు ఆపాల్నా? లగ్గపత్రిక ఇంగ్లాండు పంపి సంతకం పెట్టిచ్చుకొని రావాల్నా?" అని అడిగాడు. యాభై రెండు రూపాయలు పెట్టి, భోజనం చేసి వచ్చాను. చట్టం సంగతి ఎత్తలేదు. నాకు ఈ గల్లీలో ఇంకా కొన్నాళ్ళు బతకాలని ఉంది.

ఈ ఎండాకాలం మన గల్లీలో ఎన్ని శుభకార్యాలు జరిగాయో చూస్తే నువ్వు కళ్ళు తేలేసేవాడివి. మూడేళ్ళుగా మొక్కు తీరక జడలు కట్టిన అంజన్న కొడుకు తలకు ఇప్పుడు మోక్షం వచ్చింది. ఇంకో ఇంట్లో పిల్లకు చెవులు కుట్టే విందు చేశారు. ఆ పిల్ల చెవులకు పోయినేడే కమ్మలు చూశాను. మళ్ళీ కుట్టలేదు గాని పప్పు మాత్రం బాగా కుదిరింది. కార్యం పెడితే రాజలింగు తప్పకుండా వస్తాడు, పైన ఒక్క రూపాయి వేసి పోతాడు అని అందరికీ నమ్మకం కుదిరింది. ఇంత నమ్మకం నా మీద నా భార్యకు కూడా లేదు.

మరి ఇంత డబ్బు ఎక్కడిదని అడుగుతావు. బావ తెలివి తక్కువవాడు కాదు. కట్నాలు తీర్చాలంటే కట్నాలు రావాలి, కట్నాలు రావాలంటే మనింట్లో ఒక కార్యం కావాలి. మనింట్లో ఉన్న శుభం నీ చదువు ఒక్కటే. నువ్వు మొదటి ఏడు పాసైన సందర్భంగా పోయిన ఆదివారం విందు పెట్టాను. ఫలితాలు జూన్ చివర వస్తాయని రాశావు, నాకు గుర్తుంది. కాని వానలు మొదలైతే పందిరి ఆగదు, జనం పొలాలకు పోతారు. అందుకని నువ్వు పాసైనట్టే అనుకున్నాను. రెండు గొర్రెలు తెగాయి. అనుకున్నంత రాలేదు గాని వచ్చింది.

కాబట్టి ఇప్పుడు నీకు ఫెయిలయ్యే వీలు లేదు. ఊరంతా తినేసింది.

వంద రూపాయలు పంపుతున్నాను. సాంచెలు బాగా నడుస్తున్నాయి. మీ అక్క బాగుంది. వేరే ఏమీ విశేషాలు లేవు.

రాజలింగు

బోల్టన్,
1960 జూన్ 14

బావకు,

మీ దగ్గరి నుంచి చాలా రోజులుగా ఉత్తరం లేదు. ఫలితాల విషయంలో చిన్న ఆలస్యం జరిగే సూచన ఉంది. పరీక్షాధికారులు ఒకటి రెండు పేపర్లను ఇంకొంచెం లోతుగా పరిశీలిస్తున్నారు. ఇది ఇక్కడ మామూలే. దయచేసి ఇంటి దగ్గర ఎటువంటి వేడుకలూ తలపెట్టవద్దు.

ఈలోగా ఒక మిల్లులో ప్రాక్టికల్ శిక్షణలో చేరాను. సాంచెలను విడి భాగాలుగా చేయడంలో శిక్షణ. పని బరువైనదే గాని వారానికి కొంత భత్యం ఇస్తారు. మిసెస్ బూత్ పుస్తకంలో ఎర్ర సిరా పోయింది. డబ్బు పంపవలసిన అవసరం లేదు.

రామచంద్రం

సిరిసిల్ల,
1960 జూలై 10

తమ్మీ రామచంద్రం,

నేను బాలలక్ష్మిని. మీ బావ ఆడిట్ పని మీద కరీంనగర్ పోయిండు. ఆయన లేనప్పుడు ఆయన కలం తీసుకొని రాస్తున్న. రాసుడు మర్చిపోయిన, తప్పులుంటే నవ్వకు.

సాంచెలు మంచిగ నడుస్తున్నయని మీ బావ రాసి ఉంటడు. నడుస్తనే ఉన్నయి. కని అవి ఇప్పుడు మనయి కావు. మాఘం నుంచి ఇంటింటికి కట్నాలు పెట్టనీకి రెండు సాంచెలు ముత్తయ్య సావుకారి దగ్గర కుదువ పెట్టిండు. ఆరు నూర్లు. దసరా దాక గడువు. సావుకారి మనిషి వచ్చి రెండింటికి సున్నంతోని గుర్తు కొట్టి పోయిండు. పైసలు కట్టకపోతే అవి ఆయన షెడ్డుకు పోతయి, నేను ఆడికే పోయి కూలికి నడపాలె. నా సాంచెలు నేను కూలికి నడపాలె తమ్మీ. రోజూ గా సున్నం గుర్తు మొఖం ముంగటనే ఉంటది.

మీ బావను తిట్టకు. ఉపాయం చేసిండు కని ఆయనకూ పరేషానే. రాత్రి అన్నం తినేటప్పుడు వేళ్ళ మీద బాకీ ఇండ్లు లెక్కబెడుతుండు.

నువ్వు పాసైనవా? ఊరంత తిన్నది. నేను తినలే. ఎందుకో నాకు నమ్మకం రాలే.

పాసు కాకపోయినా నువ్వు నాకు తమ్మునివే. జర నిజం రాయి.

అక్క

బోల్టన్,
1960 ఆగస్టు 21

అక్కకూ బావకూ,

ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవండి. బావా, నిన్ను ఇక 'మీరు' అని రాయను. అది కోటుతో పాటు వచ్చిన జబ్బు.

నేను ఫెయిలయ్యాను. నాలుగు పేపర్లలో మూడు పోయాయి. పరీక్షాధికారులు లోతుగా పరిశీలించింది ఏమీ లేదు, పైపైన చూసినా తెలిసిపోయేదే. రెండో ఏటికి ఫీజు కట్టే దారి లేదు, కట్టినా తీసుకునే కళాశాల లేదు.

శిక్షణ అని రాసిందేమిటో కూడా చెబుతాను. ఈ ఊళ్ళో మిల్లులు ఎక్కువైపోయాయట, బట్ట అమ్ముడుపోవడం లేదట. మన దేశం నుంచీ హాంకాంగ్ నుంచీ చౌక బట్ట దిగుతోందని ఏడుస్తున్నారు. అందుకని పాత సాంచెలు పగలగొట్టిన మిల్లు యజమానులకు ఇక్కడి సర్కారే డబ్బు ఇస్తోంది. ఊరికే ఆపితే ఒప్పుకోరు, మళ్ళీ నడపకుండా ముక్కలు చేయాలి. నా పని అదే. పెద్ద సుత్తి పట్టుకుని వరసలో నిలబడతాం. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర కనబడదు, అంత పొడుగు. అన్నీ సాంచెలే. అక్కా, నీ రెండింటి కంటే మంచివి.

మొదటి రోజు సుత్తి ఎత్తే ముందు సాంచెను ముట్టి కళ్ళకు అద్దుకున్నాను. చెయ్యి దానంతట అదే పోయింది. మేస్త్రీ వచ్చి, ఏమైనా కింద పడిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. నా పక్కన పని చేసే ముసలాయన ఆ షెడ్డులోనే చిన్నప్పటి నుంచి బట్ట నేసినవాడు. తన సాంచె వంతు వచ్చినప్పుడు సుత్తి నా చేతికిచ్చి బయటికి పోయాడు.

బట్ట నేయడం నేర్చుకుంటానని ఊరందరి కట్నాలతో సముద్రం దాటి వచ్చి సాంచెలు పగలగొట్టి కూలి తీసుకుంటున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నేను ఒకరోజు ఒక్కణ్ణే చాలాసేపు నవ్వి, తర్వాత ఏడ్చాను.

దీనితో బ్యాంకు డ్రాఫ్టు పంపుతున్నాను. ముత్తయ్య సావుకారి అసలూ వడ్డీ సరిపోతాయి. దసరా రాకముందే సాంచెలు విడిపించండి. ఆ రెండింటి కోసం ఇక్కడ ఎన్ని పగలగొట్టానో నేను లెక్క పెట్టలేదు. పెట్టను కూడా.

రామచంద్రం

సిరిసిల్ల,
1960 అక్టోబర్ 4

బామ్మర్దికి,

సాంచెలు మనవయ్యాయి. ముత్తయ్య సావుకారి డ్రాఫ్టును వెలుగుకు పట్టి చూసి, తిప్పి చూసి, వాసన కూడా చూసినట్టే అనిపించింది. మీ అక్క సున్నం గుర్తులు గీకి, కడిగి, దసరా నాడు రెండింటికీ పసుపు కుంకుమ పెట్టింది. తర్వాత నీ ఉత్తరం ఇంకోసారి చదవమంది. సుత్తి దగ్గరికి రాగానే చాలు ఆపమంది.

నువ్వు ఫెయిలైన సంగతి దాచడం నా వల్ల కాలేదు. సంఘంలో అందరి ముందు చెప్పేశాను. రెండు గొర్రెల అబద్ధం పెట్టినవాణ్ణి, చెప్పులు పడతాయనే అనుకున్నాను. పోశం గడ్డం గోక్కుని, "ఫెయిలైతే ఏమాయె? తిన్నది ఎన్నడో అరిగె. పెట్టిన కట్నం పెట్టినట్టే ఉన్నది. ఫికర్ జేయకు," అన్నాడు. నువ్వు పాసైనా ఫెయిలైనా గల్లీకి ఒకటేనట. ఇన్నాళ్ళూ ఇంత అవస్థ ఎందుకు పడ్డానో నాకే తెలియదు.

ఇక ఉపాయాలు చేయను. మీ అక్క ఒట్టు వేయించుకుంది.

రాజలింగు

బోల్టన్,
1961 ఫిబ్రవరి 5

బావకు,

శుభవార్త. సాంచెల పని అయిపోయింది, పగలగొట్టడానికి ఇంకేమీ మిగలలేదు. ఇప్పుడు బస్సుల గ్యారేజీలో కడిగే పని చేస్తున్నాను. ఆదివారాలు కూడా చేసి, తిండి తగ్గించి, నీ పాసు విందు కట్నాలతో సహా గల్లీలో మిగిలిన వాళ్ళందరి బాకీ ఒకేసారి తీర్చేశాను.

నీ మీద ఇంకా భారం వేయడం ఇష్టం లేక డబ్బు నేరుగా సంఘం అధ్యక్షుడైన పోశం పేరు మీద పంపాను. ఎవరెవరికి ఎంతో జాబితా ఉంది. ఒక్కొక్కరికి ఒక కవరు, అందులో వాళ్ళు పెట్టింది పైసాతో సహా, సంతకమో వేలిముద్రో తీసుకోవడానికి ఒక రసీదు. 'నాకూ రామచంద్రానికీ మధ్య ఇక ఎటువంటి లెక్కా లేదు' అని రసీదు మీద తెలుగులో అచ్చు వేసినట్టు రాశాను. పైన ఒక్క రూపాయి అనేది లేనిపోని ఖర్చు కాబట్టి తీసేశాను. ఇళ్ళన్నీ కలిస్తే అదే నా ఆరు వారాల అద్దె.

మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. గ్యారేజీ వాళ్ళు ఉద్యోగం ఖాయం చేస్తామంటున్నారు. ఎవరికీ బాకీ లేనివాడికి తిరిగి వచ్చే తొందర ఏముంటుంది? ఒకటి రెండేళ్ళు ఇక్కడే ఉందామని ఆలోచన.

రామచంద్రం

సిరిసిల్ల,
1961 మార్చి 11

ఓరి తెలివైనవాడా,

ఏం చేశావురా! నేను లేని పూట చూసి, సంఘం జవాను ఇంటింటికీ తిరిగి నీ కవర్లు పంచి వచ్చాడు. నేను సాయంత్రం బస్సు దిగి గల్లీలోకి వచ్చేసరికి, పలకరించేవాళ్ళు లేరు. అంజన్న నన్ను చూసి తలుపు వేసుకున్నాడు. మీ అక్క మజ్జిగకు పోతే పక్కింటామె లేదన్నదట, కుండ ఎదురుగా పెట్టుకుని.

నీకు పైన రూపాయి సంగతి చెప్పాను గాని అది ఎందుకో చెప్పలేదు. చెప్పవలసి వస్తుందని ఎవరనుకుంటారు? మేము పెట్టినదానికి వాళ్ళు ఒక రూపాయి ఎక్కువ పెడతారు. ఆ రూపాయి మాకు బాకీ. మళ్ళీ మేము ఒకటి ఎక్కువ పెడతాం. ఇట్లా ఎన్నటికీ సరికాదు. సరికాకూడదనే ఆ రూపాయి. సరిగ్గా పెట్టినంతే తిరిగి ఇచ్చేది ఎప్పుడో తెలుసా? అన్నదమ్ములు కొట్టుకుని విడిపోయినప్పుడు. నీ గడప నేను తొక్కను, నా గడప నువ్వు తొక్కకు అని చెప్పడానికి. నువ్వు ఆ మాట ఊరందరికీ ఒకే రోజు, వేలిముద్రలు తీసుకుని మరీ చెప్పావు. నేనూ గుమాస్తానే. ఇంత పక్కాగా కులం నుంచి తనను తాను వెలివేసుకున్నవాణ్ణి నేను చూడలేదు.

అంతా ఒక ఎత్తు, నాగవ్వ ఒక ఎత్తు. కవరు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. కోపం లేదు, అరుపు లేదు. అందుకే భయం వేసింది.

"నా ఇంట్ల ఏం కార్యమైందని పంపిండు, రాజలింగూ? నేను సచ్చిపోయిన్నని ఎవలన్న రాసిండ్రా ఆనికి?" అని అడిగింది.

ఎవరూ రాయలేదన్నాను.

"మరి బతికున్న మనిషి బాకీ ఎట్ల తీర్చిండు? గా పదకొండు రూపాయలు ఆని దగ్గర ఉన్నయంటే, నాకు ఒక్కడు బాకీ ఉన్నడు, ఎన్నడో ఒకనాడు వస్తడు అనుకున్న. గిప్పుడు నాకు ఎవలున్నరు?"

పదకొండు రూపాయలూ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. మీ అక్క సాంచె ఆపి అక్కడే కూర్చుండిపోయింది. ఆ డబ్బు తీయడానికి మా ఇద్దరికీ చెయ్యి రాలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉంది.

తర్వాత నేను ఇల్లిల్లూ తిరిగాను. పిల్లవాడు, ఆ దేశం నీళ్ళు తాగి అట్లా అయ్యాడు, మన్నించండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వారం పట్టింది. చివరికి పోశం రసీదులన్నీ సంఘం బల్ల సొరుగులో పడేసి, "ఆడే రావాలె. వచ్చి ఇంటింటికి తిరిగి తలా ఒక రూపాయి చేతుల పెట్టాలె. గప్పుడు ఇవి పొయ్యిల వేస్త," అన్నాడు. అంజన్న తలుపు సగం తెరిచాడు.

నాగవ్వ కూడా కబురు పెట్టింది. వాన పడితే ఆమె ఇల్లు కురుస్తుంది కదా, జూన్‌లో వచ్చే మిరుగం వానల లోపల పెంకలు తిప్పిస్తుందట. దాన్నే గృహప్రవేశం అంటుందట. తన పెళ్ళి తర్వాత తన ఇంట్లో మొదటి కార్యం ఇదేనట. ముహూర్తం ఎప్పుడని అడిగితే, "ఆడు వచ్చిన దినమే ముహూర్తం. పన్నెండు రూపాయలు. ఆని చేత్తోనే పెట్టాలె, మనియార్డరు తీసుకోను," అంది.

నేను రమ్మని రాయడం లేదు. బస్సులు కడిగే ఉద్యోగం ఖాయమవుతోంది, అది చిన్న సంగతి కాదు. కాని ఈ ఉత్తరం చదివి మళ్ళీ చట్టం చదివిన మిత్రుణ్ణి మాత్రం అడగకు.

రాజలింగు

లివర్‌పూల్,
1961 ఏప్రిల్ 27

బావా,

నీ ఉత్తరం చదివి ఎవరితోనైనా మాట్లాడాలని బయలుదేరాను. మాట్లాడడానికి కూడా బోల్టన్‌లో ఎవరూ లేరని అప్పుడే గమనించాను.

ఓడ టికెట్టు కొన్నాను. మే చివరికి బొంబాయిలో దిగుతాను.

కోటు కొట్టుకు పోయి చివరి వాయిదా కట్టాను. ఏడాదిన్నర వారం వారం చూసిన గుమాస్తా. నా పేరున్న కార్డు తీసుకుని, 'లెక్క ముగిసింది' అని ముద్ర గుద్ది నా చేతికిచ్చి, నా వెనక ఉన్నవాణ్ణి పిలిచాడు. తల ఎత్తలేదు. ఆ ముద్ర చూశాక గల్లీ వాళ్ళకు నేనేం పంపానో తెలిసింది. నాగవ్వ చేతికి నేను ఇచ్చింది ఇదే కాగితం.

మిసెస్ బూత్ విషయం కూడా రాయాలి. గది ఖాళీ చేసి, అద్దె అంతా కట్టి, పుస్తకంలో సంతకం తీసుకున్నాను. ఈ ఇంట్లో ఇన్నాళ్ళు ఉన్నాను కదా అనిపించి, బల్ల మీద పైన ఒక్క షిల్లింగు పెట్టి వచ్చాను. బస్సు దగ్గరికి వచ్చానో లేదో, వానలో, నడుముకు కట్టుకున్న వంట గుడ్డ కూడా విప్పకుండా ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. నా షిల్లింగు మరిచిపోయానట. ఉంచుకొమ్మన్నాను. "అయ్యో, మీరు నాకేమీ బాకీ లేరు," అని నా చేతిలో పెట్టి, గుప్పిట మూసి వెళ్ళిపోయింది. మంచి మనిషి బావా. ఆ ఊళ్ళో నా కోసం పరుగెత్తిన మనిషి ఆమె ఒక్కతే. అది కూడా లెక్క సరి చేయడానికి.

ఇప్పుడు లివర్‌పూల్‌లో తెలిసినవాళ్ళ గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పోశానికి చెప్పు, రసీదులు ఒక్కటి కూడా పోకుండా ఉంచమని, నా చేత్తోనే పొయ్యిలో వేస్తాను. అక్కకు పెట్టెలో పేక నూలు మోసే నాడె ఒకటి తెస్తున్నాను. పగలగొట్టిన సాంచెలది. ముసలాయన సుత్తి నాకిచ్చి పోయాడే, ఆ సాంచెది. నున్నగా అరిగిపోయింది, అక్క చేతికి బాగుంటుంది.

టికెట్టు పోను నా దగ్గర ఎక్కువ మిగల్లేదు. బొంబాయి నుంచి రైలు చార్జీకి డబ్బు తక్కువ పడుతుంది. బొంబాయి పక్క భీవండిలో సాంచెలు నడిపే మనవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ దగ్గర అప్పు చేస్తాను. తీర్చే రోజు వాళ్ళనే చెప్పమంటాను.

నాగవ్వను పెంకలు జర ఆపమను. ఆమెవి పన్నెండు రూపాయలకు పద్దెనిమిది షిల్లింగులు అవుతాయి, వేరే రుమాలులో ముడి వేశాను. ఓడలో ఆకలైనా ఆ ముడి విప్పను. మిసెస్ బూత్ తిరిగి ఇచ్చిన షిల్లింగు కూడా అందులోనే ఉంది.

నీ బామ్మర్ది
రామచంద్రం